మాయ దిగేదాకా

వకుళకి ఎనిమిదో నెల వచ్చాక తెలిసొచ్చింది, ముప్ఫై ఒక్కమంది మంత్రసానుల్లో ఒకరిని ఎంచుకోవడం పెళ్ళిచీర ఎంచుకోవడం కంటే కష్టమని. చీరయితే నచ్చకపోతే మడతపెట్టి పక్కన పెట్టొచ్చు. ఒక మనిషి చెయ్యి పొట్టమీద పడ్డాక, ఆ మనిషి కాలం చేసి నాలుగేళ్ళయినా సరే, నువ్వొద్దమ్మా అనడానికి నోరు రాదు.

విశాఖపట్నంలో సముద్రానికి ఎదురుగా ఒక గుట్ట ఉంది. ఆ గుట్టమీద ఉంది హస్తశాల. అందులో అన్నిటికంటే చిన్నది చేతుల గది. ఒక నులకమంచం, ఒక కిటికీ, గోడకి ఒక చెక్క బీరువా, అంతే. మధ్యాహ్నం వేళ సముద్రం మీద పడ్డ వెలుగు పైకప్పు మీదకెక్కి మెల్లగా ఊగుతూ ఉంటుంది. వకుళ వారానికి రెండుసార్లు డ్యూటీ మధ్యలో వచ్చి ఆ మంచంమీద పడుకునేది. అక్కడ ఉద్యోగం చేస్తున్నందుకు ఆమెకి దక్కిన భోగం అది.

నర్సు జెమీమా తెల్లటి చేతొడుగులు తొడుక్కుని మణికట్టు దగ్గర చిన్న మీట తిప్పేది. తిప్పగానే ఆ పాతికేళ్ళ పిల్ల చేతులు ఇంకెవరివో అయిపోయేవి. చిన్నప్పుడు అమ్మ మన చెయ్యి పట్టుకుని పలకమీద అ ఆలు దిద్దించేది చూడండి, అలాగ. చేతొడుగు లోపలి సన్నటి తీగలు వేళ్ళని ఇటు నొక్కు, ఇక్కడ ఆగు, ఇప్పుడు వదులు అని నడిపిస్తాయి. ఉత్తరాంధ్ర పల్లెల్లో చివరి తరం మంత్రసానులు ఆరేడేళ్ళ కిందట ఇవే చేతొడుగులు తొడుక్కుని కాన్పులు చేశారు. వాళ్ళ ఒత్తిడి, వాళ్ళ వెచ్చదనం, వాళ్ళ చెయ్యి కదిలిన దిక్కు అన్నీ అందులో దాగి ఉన్నాయి.

పోలమ్మది హడావిడి చెయ్యి. వచ్చీ రాగానే పొట్టంతా ఒకసారి తడిమేసి, ఇంకో ఇంట్లో పనున్నట్టు వెళ్ళిపోతుంది. గురమ్మది పేచీకోరు చెయ్యి. పిల్లని అటు జరుగు, ఇటు జరుగు అని గదమాయిస్తుంది. ఎర్రమ్మ చెయ్యి పడితే వకుళకి చక్కిలిగిలి పెట్టి నవ్వాగేది కాదు. లోపల పిల్ల కూడా తన్నేది.

అసిరమ్మ చెయ్యి మాత్రం వచ్చి ఊరకే కూర్చునేది. బొడ్డు కింద అరచెయ్యి ఆనించి, ఎవరో తలుపు తీసేదాకా గుమ్మంలో నిలబడ్డ పెద్దమనిషిలా ఉండిపోయేది. కాసేపటికి లోపల్నుంచి పిల్లే జరిగి వచ్చి ఆ చెయ్యి కింద సర్దుకునేది. అప్పుడు వకుళ కళ్ళు మూతలుపడేవి. నిద్రా కాదు, మెలకువా కాదు. తడి ఇసుక మీద అడుగులు కనిపించేవి. ఎక్కడో జీడిగింజలు కాలుస్తున్న వాసన వచ్చేది. ఎవరో ఆడమనిషి దీపం వత్తి సరిచేస్తూ, తన పేరు కాని పేరుతో తనని పిలిచేది. ఇవేవీ చేతొడుగులో ఉండవని వకుళకి బాగా తెలుసు. తెలిసినా, లేవబుద్ధయ్యేది కాదు.

“అసిరమ్మే” అంది ఒకరోజు లేచి కూర్చుంటూ. “నా కానుపుకి అసిరమ్మ చెయ్యే కావాలి.”

“పేరు రాసేసుకుంటున్నా, మళ్ళీ మాట మార్చకూడదు” అంది జెమీమా నవ్వుతూ. “రేపు బొమ్మమీద మొదటినుంచి చివరిదాకా నడిపి చూస్తాలే. ఇప్పటిదాకా ఆస్పత్రుల్లో ఎప్పుడూ పిల్ల బయటపడగానే చేతొడుగులు తీసేశాం కదా. కొండమీద వాటిని వేసుకునే ఆడపిల్లలకి పూర్తిగా నేర్పాలిగా.”

కొండమీద అంటే ఏజెన్సీలోని నలభై ప్రసూతి గదులు. వచ్చే నెల ఒకటో తారీకున నలభై జతల చేతొడుగులు అక్కడికి వెళ్ళబోతున్నాయి. డాక్టరు గంటల దూరంలో ఉండే చోట్లు అవి. రెండు నెలల శిక్షణ తీసుకున్న ఆడపిల్లలు వాటిని తొడుక్కుని, చెయ్యి చెప్పినట్టు కాన్పులు చేస్తారు. హస్తశాల పుట్టిందే దానికోసం.

మర్నాడు వకుళ తన బల్ల దగ్గర కూర్చుని మజ్జిగ తాగుతుంటే జెమీమా చేతొడుగులతోనే వచ్చేసింది. ముఖం ఏదోలా ఉంది.

“అక్కా, ఒకసారి రా. అసిరమ్మ చెయ్యి తప్పు చేస్తోంది.”

చేతుల గదిలో రబ్బరు బొమ్మ పడుకుని ఉంది. రబ్బరు పిల్ల అప్పటికే బయటపడి పక్కన గుడ్డలో ఉంది. జెమీమా మీట కొంచెం వెనక్కి తిప్పింది. ఎడమ చెయ్యి పొట్టమీద మెత్తగా ఆనింది. కుడిచెయ్యి కోసిన బొడ్డుతాడు కొసని రెండు వేళ్ళతో తేలిగ్గా పట్టుకుంది. అంతవరకూ అసిరమ్మే. ఆ నిదానం వకుళకి కంటితో చూసినా తెలుస్తోంది. ఉన్నట్టుండి ఆ కుడిచెయ్యి పిడికిలి బిగించి తాడుని తనవైపు లాగేసింది.

“చూశావా? లాగమంటోంది. ఏ మంత్రసానీ ఇలా లాగదు. మధ్యలో ఏదో ఎగిరిపోయి, ముందుదీ వెనకదీ అతుక్కుపోయినట్టుంది. మిగతా చేతులూ తిప్పి చూశా. ముప్ఫై చేతులూ ఇంతే. పిల్ల పుట్టాక మాయ సంగతి ఒక్కదానికీ తెలీదు.”

“మాయేంటి?” అంది వకుళ.

జెమీమా ఒక్క క్షణం ఆమె వంక చూసి పకాలున నవ్వింది. “ఎనిమిదో నెల కడుపు పెట్టుకుని మాయంటే ఏంటంటావేంటక్కా? ప్లాసెంటా! మా నాయనమ్మ వింటే నీకు జడ వేసి మళ్ళీ ఒకటో తరగతికి పంపేది.”

వకుళ నవ్వలేదు. చెయ్యి చాచి మంచంపట్టె పట్టుకుని మెల్లగా కూర్చుంది. పైకప్పు మీద సముద్రపు వెలుగు ఊగుతూనే ఉంది.

ఆరేళ్ళ కిందట ఆమె ఈ హస్తశాలలో చేరింది రికార్డులు వినే పనికి. కాన్పు గదిలోకి కెమెరా పోకూడదని హస్తశాల నడిపే డాక్టర్ కమలాక్షి పెట్టిన నియమం. కాబట్టి చేతొడుగు పట్టుకున్న స్పర్శ, పక్కన పెట్టిన మైకు పట్టుకున్న మాట, రెండే ఉండేవి. మాటలు విని, ఏది పనో ఏది పని కాదో గుర్తులు పెట్టడానికి నలుగురు అమ్మాయిల్ని తీసుకున్నారు. నలుగురూ ఇంగ్లీషు మీడియంవాళ్ళే. నలుగురికీ ఇరవై రెండేళ్ళు దాటలేదు. పాటలు, మొక్కులు, కబుర్లు, మంత్రాలు వచ్చినచోట ‘తీసెయ్యాలి’ అని గుర్తు పెట్టమన్నారు. గుర్తు పెట్టినచోట మాటతోపాటు స్పర్శా పోయేది. మిగిలిన రెండు కొసల్నీ యంత్రం నున్నగా కలిపేసేది.

మంత్రసాని అన్నారు కాబట్టి మంత్రాలుంటాయని వాళ్ళు మొదటినుంచీ కాసుకుని కూర్చున్నారు. పాపం, అవి ఎంతకీ దొరకలేదు. దొరికింది ఒకటే మాట, ప్రతి ముసలమ్మా పిల్ల ఏడవగానే గొంతు తగ్గించి అనే మాట. మాయ ఇంకా దిగనేదు. మాయ ఉన్నంతసేపు తొందరపడకండి. మాయతోటి ఆటలొద్దు. మాయ తనంతట తానే రావాల.

వకుళకి తెలిసిన మాయ సినిమాల్లోది. గాల్లోంచి లడ్డూలు తెప్పించేది, లేడి రూపం కట్టేది. అదిగో మంత్రం అనుకుంది. సంబరపడి గుర్తు పెట్టింది. ఏ మాటకి గుర్తు పెట్టాలో మిగతా ముగ్గురికీ చూపించింది కూడా తనే. అసిరమ్మ గొంతు ఇప్పటికీ చెవుల్లో ఉంది. గంభీరంగా, భయంగా ఉండేది. నిజంగానే ఎవరో కనపడనివాళ్ళతో మాట్లాడుతోందనుకుని ఆ రోజు వకుళకి ఒళ్ళు జలదరించింది.

డాక్టర్ కమలాక్షి అంతా వింది. ముప్ఫై ఏళ్ళు కాన్పులు చేసిన మనిషి ఆమె. హస్తశాల కోసం పెళ్ళి కూడా మానుకుందని అంటారు.

“తప్పు నీ ఒక్కదానిదే కాదు” అంది. “ఆస్పత్రిలో పిల్ల బయటపడగానే చేతొడుగులు విప్పించి మాయ నేనే తీసుకునేదాన్ని. రెండువందల పన్నెండు కాన్పుల్లో ఒక్కసారైనా, ఈ ముసలాళ్ళు ఈ అరగంట ఏం చేస్తారో చూద్దామని నాకు తోచలేదు. నా పని నాకొచ్చు అనుకున్నాను.”

“అసలు రికార్డులు?”

“ఎప్పుడో చెరిపేశాం. వాళ్ళ ఇళ్ళ గుట్టు మన దగ్గర ఉండకూడదని మనమే మాటిచ్చాం కదా.”

“కొండమీదకి వెళ్ళకుండా ఆపేద్దాం మేడమ్.”

“ఆపేస్తాను. ఆపితే ఆ గదుల్లో ఇప్పుడున్న గతే ఉంటుంది. తల్లి చచ్చేది ఎప్పుడనుకున్నావ్? పిల్ల పుట్టేటప్పుడు తక్కువ. పుట్టాక, అందరూ పిల్లని చూసి మురుస్తున్నప్పుడు, ఆ అరగంటలోనే ఎక్కువ.” ఆవిడ గొంతు మామూలుగానే ఉంది. “నేను చెయ్యగలను. కానీ నా చేతికి ఇంజక్షను అలవాటు, ఫ్రిజ్జు అలవాటు, రక్తం సీసా అలవాటు. అవేవీ లేనిచోట ఏం చెయ్యాలో తెలిసిన చేతులు వాళ్ళవి. ముప్ఫై ఒక్కరిలో ఎంతమంది ఉన్నారో కనుక్కో.”

ఏడుగురు ఉన్నారు. అందులో నలుగురికి పక్షవాతాలు, మతిమరుపులు. ఇద్దరు మనవల దగ్గరికి ఏ రాష్ట్రమో వెళ్ళిపోయారు. మిగిలింది సన్యాసమ్మ ఒక్కతే. ఆవిడది భావనపాడు దాటి సముద్రం పక్కన జీడితోటల మధ్య ఊరు.

వకుళా జెమీమా కారులో వెళ్ళేసరికి సన్యాసమ్మ అరుగుమీద కూర్చుని చేటలో జీడిపిక్కలు ఏరుతోంది. డెబ్బై ఎనిమిదేళ్ళు. చిన్న మనిషి, పెద్ద చెవులు. తలెత్తి వకుళ ముఖం చూడకముందే పొట్ట చూసింది.

“ఆడగుంట” అంది. “తల కిందకే ఉంది. ఇంకో మూడు వారాలకి కని తేలుతావు. ఇంత దూరం కారులో కుదేసుకుని ఎందుకొచ్చినావే తల్లీ?”

వకుళ దాచకుండా అంతా చెప్పింది. మాయ అన్న మాట దగ్గరికి వచ్చేసరికి ముసలమ్మ చేట పక్కనపెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఊగిపోతూ నవ్వింది.

“మాయంటే తెల్దా! మరి నీకీ కడుపెలగొచ్చిందే!” నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది. తుడుచుకున్నాక ముఖంలో నవ్వు లేదు. “అసిరమ్మొదిన సేతిని అలగ సేసినారా? ఆవిడ ఒక్క తల్లిని కూడా పోగొట్టుకోనేదు, తెల్సా? పాతికూళ్ళు తిరిగింది. మీ పెట్టిలో కూకుని ఇప్పుడు తాడు లాగుతందా ఆవిడ?”

వకుళకి దుఃఖం పొంగుకొచ్చింది. ఆపుకోలేదు. అరుగు అంచున కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. సన్యాసమ్మ ఊరుకోమనలేదు. ఏడుపు తగ్గేదాకా ఆగి, లోపల్నుంచి గ్లాసుతో గంజి తెచ్చి చేతికిచ్చింది.

“మా గదిలో బొమ్మమీద ఒకసారి చేసి చూపించు మామ్మా” అంది జెమీమా. “కారులో తీసుకెళ్ళి కారులోనే దింపుతాం.”

“బొమ్మకి మాయుంటదేటి? నొప్పుంటదేటి? లోపల అది ఊడిందో నేదో నా సేతికి పొట్ట సెప్పాల. రబ్బరేటి సెప్తాది?” ముసలమ్మ చేతులు చాపి చూపించింది. వేళ్ళు సన్నగా వణుకుతున్నాయి. “అయినా ఈ సేతులెవులికి కావాలి? ఆరేళ్ళయింది ఒక్కరు పిలిసి. అందరూ ఆస్పత్రికే ఎల్తన్నారు. మంచిదే, ఎల్లాలి. నేనే ఎల్లమని సెప్తన్నాను.”

వకుళ గంజి గ్లాసు కింద పెట్టింది. “నా కానుపు చేస్తావా మామ్మా?”

జెమీమా “అక్కా!” అంది. సన్యాసమ్మ దగ్గరకి జరిగి వకుళ కనురెప్ప కిందకి లాగి చూసింది. గోళ్ళు చూసింది. కాళ్ళ వాపు బొటనవేలితో నొక్కి చూసింది.

“మీరే మంత్రసానిని ఎంచుకుంటన్నారని మీకో ఊహ” అంది. “మేమూ ఎంచుకుంటాం. నెత్తురు నేని మనిషి ఇంటికి ఒక్కదాన్నీ ఎల్లను, డాట్రునీ పిలవమంటాను. నీకు నెత్తురు బాగానే ఉంది. అయినా డాట్రు ఉండాల్సిందే. సూది సేతిలో ఉండాల్సిందే. ఒప్పుకుంటే వస్తాను.”

ఇంట్లో వకుళ భర్త తారకేశ్ ఒప్పుకోలేదు. మూడోరోజు సాయంత్రం డాబామీద బట్టలు తీస్తుంటే వెనకాలే వచ్చి నిలబడ్డాడు.

“ఆ అరగంటలో మనుషులు పోతారని నువ్వే చెప్పావు. ఆ అరగంటకే, చేతులు వణికే ముసలమ్మని పిలుస్తున్నావు. నీకేమన్నా అయితే నేనేం చెయ్యాలి వకుళా? ఆ పిల్లకి ఏం చెప్పాలి?”

“కమలాక్షిగారు పక్కనే ఉంటారు. ఆస్పత్రిలోనే. రక్తం సిద్ధంగా ఉంటుంది. తేడా వస్తే మామ్మ చెయ్యి తీసేస్తుంది, ఆవిడే అంది.” వకుళ ఆరిన చీరని గుండెలకి హత్తుకుంది. “నాకూ భయంగానే ఉంది. కానీ కొండమీద వాళ్ళకి ఎవరూ పక్కన ఉండరు. వాళ్ళ అరగంట నేను కోసి పారేశాను. అది నా దగ్గరే ఉందేమో, నా పొట్టలోనే ఉందేమో అనిపిస్తోంది. ఇచ్చెయ్యాలి.”

తారకేశ్ ఆమె చేతిలోంచి చీర తీసుకుని మడతపెట్టడం మొదలుపెట్టాడు. అడ్డదిడ్డంగా పెట్టాడు. అదే ఒప్పుకోవడం అని వకుళకి అర్థమైంది.

కాన్పు రికార్డు చెయ్యడానికని సన్యాసమ్మ వచ్చి చేతొడుగు తొడుక్కుని చూసుకున్న రోజు చిన్న గొడవ జరిగింది. తెరమీద ఆవిడ చెయ్యి గీత వణుకుతూ కనిపించింది. ఆ వణుకు యంత్రంతో తీసేస్తే రేపు తొడుక్కునేవాళ్ళకి చెయ్యి నిలకడగా ఉంటుందని ఇంజనీర్లు అన్నారు. ఏది వణుకో ఏది వేళ్ళు వెతుక్కోవడమో మీకెలా తెలుసని వకుళ అడిగింది. ఉన్నది ఉన్నట్టే ఉంచారు.

నొప్పులు ఒక గురువారం పొద్దున్న మొదలయ్యాయి. మధ్యాహ్నం రెండు దాటాక పిల్ల పుట్టింది. ముసలమ్మ చెప్పినట్టే ఆడపిల్ల. పుట్టగానే ఆస్పత్రంతా వినపడేలా ఏడ్చింది.

తర్వాత సంగతులు వకుళకి ముక్కలు ముక్కలుగా, నీళ్ళ కిందనుంచి చూసినట్టు గుర్తున్నాయి. పిల్లని తన గుండెలమీద వేశారు. తడిగా, వేడిగా ఉంది. తలుపు అవతల తారకేశ్ నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియలేదు. జెమీమా “అయిపోయిందక్కా, అయిపోయింది” అంటోంది.

“ఏటి అయిపోనాది?” అంది సన్యాసమ్మ. “ఇంకా మాయ దిగనేదు, తల్లీ పిల్లా ఏరుపడనేదు. ఎవులూ కదలకండి.”

చేతొడుగు తొడిగిన సన్యాసమ్మ ఎడమ చెయ్యి వచ్చి బొడ్డు కింద కూర్చుంది. కుడిచెయ్యి తాడు కొసని రెండు వేళ్ళతో పట్టుకుంది. అంతే. ఆ తర్వాత ఆ చేతులు ఏమీ చెయ్యలేదు. పిల్ల నోటికి రొమ్ము అందించమని మాత్రం అంది. పిల్ల వెతుక్కుని, దొరకబుచ్చుకుని, చీకడం మొదలుపెట్టింది. చీకినప్పుడల్లా వకుళ పొట్టలో ఎక్కడో ఒక ముడి మెల్లగా బిగిసేది. బిగిసిన ప్రతిసారీ ఆ వణుకుతున్న వేళ్ళు దాన్ని విని, తల ఊపినట్టు కొంచెం కదిలేవి.

వకుళ ఎక్కడికో తేలిపోయింది. పెద్ద చెరువులాంటి చోటు. నీళ్ళు వెచ్చగా ఉన్నాయి. ఒడ్డున ఆడవాళ్ళు బారుగా నిలబడి ఉన్నారు. కొండమీద ఆడవాళ్ళు. ఎవరి ముఖమూ తెలియదు. ఎవరూ ఏమీ అడగడంలేదు, ఊరికే ఆమెకేసి చూస్తున్నారు. ఉండండమ్మా, వస్తోంది, వస్తోంది అని వాళ్ళకి చెప్పాలనుకుంది.

“పదిహేను నిమిషాలు” అంటున్నారు ఎవరో. కమలాక్షి గొంతు. “రక్తం కొంచెం కనిపిస్తోంది సన్యాసమ్మగారూ. సూది వేసేస్తున్నాను.”

“ఒక్క పది గుక్కలు ఆగమ్మా. పిల్ల తాగే గుక్కలు. అప్పటికి రాకపోతే నీ సూది ఏసెయ్. నా సెయ్యి తీసేస్తాను. మాటంటే మాటే.”

కమలాక్షి సూది పట్టుకుని నిలబడే లెక్కపెట్టింది. ఒకటి. రెండు. ఇంజనీర్లూ పక్కగదిలో తెరముందు లెక్కపెడుతున్నారని జెమీమా తర్వాత చెప్పింది. ఆరో గుక్కకి పొట్ట మొత్తం రాయిలా గట్టిపడింది. వకుళకి చెయ్యీ కాలూ చల్లబడుతున్నట్టనిపించింది. భయమేసింది. ఈ చేతిని ఎంచుకున్నది తనే. ఆ సంగతి ఒక్కటే ఆ నీళ్ళలో పట్టుకోవడానికి దొరికింది. ఎనిమిదో గుక్కకి తాడు దానంతట అదే పొడుగవడం పట్టుకున్న వేళ్ళకి తెలిసింది.

“ఊడింది” అంది సన్యాసమ్మ మెల్లగా. “ఇప్పుడు ఒక్కసారి ముక్కు తల్లీ. నేను లాగను. నువ్వే పంపించాలి.”

వకుళ ముక్కింది. లోపల్నుంచి వెచ్చగా, మెత్తగా, బరువుగా ఏదో జారి వెళ్ళింది. సన్యాసమ్మ రెండు చేతులా దాన్ని అందుకుని, స్టీలు పళ్ళెంలో పరిచి, అంచు వెంట వేలితో నింపాదిగా చుట్టూ తడిమి చూసుకుంది. ఎక్కడా ముక్క తగ్గలేదు. పొట్ట గట్టిగా బిగిసే ఉంది. అయినా జాగ్రత్తకి కమలాక్షి సూది వేసింది, రక్తం ఆగింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

“పళ్ళెం ఇలగ తే” అంది సన్యాసమ్మ జెమీమాతో. “దీనికి సూపించు. ఎప్పుడూ సూడనేదు కదా.”

వకుళ తల తిప్పి చూసింది. తామరాకు తిరగేస్తే కనపడే ఈనెల్లాంటి ఊదారంగు నరాలు, ఇంకా తడి ఆరకుండా. తొమ్మిది నెలలూ తనకీ పిల్లకీ మధ్య నిలబడి, ఇద్దరికీ అన్నం పెట్టింది ఇదన్నమాట. దీన్నేనా తను పనికిరాని మాట అనుకుని పారేసింది.

ముసలమ్మ అరచెయ్యి మళ్ళీ వచ్చి, ఖాళీ అయిన పొట్టమీద ఆనింది. ఆ వణుకు వకుళకి చర్మంమీద స్పష్టంగా తెలుస్తోంది.

“ఇదిగో, ఇప్పుడు ఏరుపడినారు” అంది సన్యాసమ్మ.

ఆ మాట విన్నాక వకుళకి తెలిసింది, ఇన్ని నెలల తర్వాత తన ఒంట్లో తను ఒక్కతే ఉందని. గుండెలమీద పిల్ల నిద్రపోతోంది. వకుళ ఏడుపు మొదలుపెట్టింది. ముసలమ్మ చెయ్యి తియ్యలేదు.